గట్టు మీద నిలబడితే కనపడనిది ఆకాశం నుంచి కనపడుతుంది

వాన వెలిసి నాలుగు రోజులైనా చేలో నీరు లాగడం లేదంటే లోపం మన మడిలోనే ఉండాలని లేదు. ఎంతో దిగువన నీటి దారి మూసుకుపోయి ఉండవచ్చు. గట్టు మీద నిలబడితే అది కనపడదు. పైనుంచి తీసిన ఫోటోలో కనపడుతుంది.

రంగులు ఏం చెబుతాయి?

పచ్చని ఆకు మన కంటికి కనపడని పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి కొడుతుంది. ఉపగ్రహ చిత్రంలో శాస్త్రజ్ఞులు దానికి ఎరుపు రంగు ఇస్తారు. అందుకే ఏపుగా ఉన్న వరి ఎర్రగా ఉంటుంది. నీరు ఆ కాంతిని పీల్చుకుంటుంది కనుక నల్లగా కనపడుతుంది. వాగు వంకర టింకరగా పోతుంది. గీత గీసినట్టు నలుపలకలుగా నీరుంటే అది మనిషి తవ్విన చెరువే. మబ్బు పట్టిన రోజున మామూలు కెమెరా పనిచేయదు. రాడార్ చిత్రం మాత్రం మబ్బుల్లోంచి కూడా ముంపును చూపుతుంది.

కొల్లేరు చెప్పే పాఠం

బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో మురుగు కాల్వలు తెచ్చిన నీరు కొల్లేరులో పరుచుకుని, నిదానంగా ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి చూస్తే, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువులే అని తేలింది. పరుచుకునే చోటు తగ్గితే నీరు ఎగువ చేలలో నిలుస్తుంది. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చెరువు గట్లు కొట్టించారు. అయితే ఒక్కమాట. గట్టు ఎక్కడుందో ఫోటో చెబుతుంది గాని, దాని మీద ఎవరు బతుకుతున్నారో చెప్పదు. ఆ చెరువుల్లో పేదల వాటాలూ ఉన్నాయి.

మీరు చేయవలసింది

ఇస్రో వారి 'భువన్' వెబ్‌సైటు 2009 నుంచి ఉంది. ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఫోనులో తెరిపించండి. మీ ఊరి మురుగు కాల్వ వెంట దిగువకు చూసుకుంటూ పోండి. ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ అడ్డుగట్టు పడిందో గుర్తుపెట్టుకోండి. ఆ అడ్డు మన గట్టే అయితే ముందు దాన్నే తీసేద్దాం.

తర్వాత ఆ చోటికి వెళ్లి మీరే ఫోటో తీయండి. ఊడ్పులకు ముందు ఒకసారి, పెద్ద వాన మర్నాడు ఒకసారి, కోతల తర్వాత ఒకసారి. ప్రతిసారీ అదే చోట నిలబడి, అదే దిక్కుకు తీయాలి. తూమో, వంతెనో, తాడిచెట్టో, ఏదో ఒక కదలని గురుతు ఫోటోలో పడాలి. లోతు తెలిసేలా అడుగుల గీతలు పెట్టిన కర్ర నీటిలో నిలపండి. ఫోనులో లొకేషన్ ఆన్ చేయండి, తేదీ విడిగా రాసుకోండి.

ఒక్కరి ఫోటో ఫిర్యాదు కిందనే పోతుంది. కాల్వ పొడుగునా పదిమంది రైతులు తీసినవి కలిపితే సాక్ష్యం అవుతుంది. పంచాయతీ తీర్మానంతో కలిపి, వేసవిలో కాల్వలు కట్టేయక ముందే డ్రైనేజీ అధికారులకు ఇవ్వండి. పూడిక తీసే అదను అదే. తొలకరి పడ్డాక ఇచ్చిన అర్జీ మళ్లీ ఏడాదికి గాని అక్కరకు రాదు.