పట్నంలో రైలుదారి – ఆలస్యమే అసలు ఖర్చు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండింటిలోనూ మొదటి అంచనా ఒకటి, చివరికి అయ్యే ఖర్చు మరొకటి. పట్నంలో మెట్రో రైలు కట్టడమూ అలాంటిదే. అది ఇంజనీర్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి. వీధి తవ్వి ఏళ్ళ తరబడి వదిలేస్తే దుమ్ము పడేది మన ఇళ్ళలోనే. పెరిగిన ప్రతి రూపాయీ టిక్కెట్టు రూపంలోనో, పన్ను రూపంలోనో మన పర్సులోంచి పోయేదే.

ఖర్చు ఎందుకు పెరుగుతుంది? సిమెంటు, ఇనుము ధరలు పెరిగాయి అంటారు. కొంతవరకు నిజమే. కాని సొమ్మును ఎక్కువగా తినేది ఆలస్యం. పని ఆగినా అప్పుమీద వడ్డీ ఆగదు. యంత్రాల అద్దె ఆగదు, జీతాలు ఆగవు. ఈలోగా ధరలు పెరిగి అంతా తడిసి మోపెడవుతుంది.

కలకత్తా సంగతి చూడండి. మన దేశంలో మొదటి మెట్రో అది. 1972 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. అప్పటి అంచనా 140 కోట్ల రూపాయలు. మొదటి బండి నడిచింది 1984 అక్టోబరులో. అదైనా మూడున్నర కిలోమీటర్లు కూడా లేదు. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా పదహారు కిలోమీటర్ల పైచిలుకు దారి పూర్తయ్యేసరికి 1995 వచ్చింది, ఖర్చు పదిరెట్లు దాటింది. మొదటి సంవత్సరాల్లో డబ్బు చాలినంత రాలేదు. రోడ్డు తవ్వితే కింద మంచినీళ్ళ గొట్టాలు, మురుగు కాలవలు, టెలిఫోను తీగలు! వాటిని పక్కకు జరపడం ఒక పెద్ద పని అయి కూర్చుంది. దానికి తోడు కోర్టు స్టేలు.

ఢిల్లీలో అలా జరగలేదు. 1998 అక్టోబరులో పని మొదలైతే 2002 డిసెంబరుకల్లా మొదటి బండి నడిచింది. 2006 నవంబరుకు మొదటి దశ 65 కిలోమీటర్లూ అయిపోయాయి, పెట్టుకున్న గడువుకు రెండేళ్ళ పైనే ముందుగా! అప్పుడు ఆ సంస్థకు పెద్ద శ్రీధరన్‌గారు. మంత్రమేమీ లేదు. ప్రతి ఫైలూ నాలుగు ఆఫీసులు తిరగకుండా నిర్ణయాధికారం సంస్థకే ఇచ్చారు. గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపే గడియారాలు పెట్టారు. పిల్లల పరీక్షలకు మనం గోడమీద తేదీలు కొట్టేసినట్టే కదూ!

అయితే వేగం వేరు, తొందరపాటు వేరు. 2009 జూలైలో అదే ఢిల్లీలో, జమ్రూద్‌పూర్ దగ్గర కడుతున్న వంతెన కూలి మనుషుల ప్రాణాలు పోయాయి. తనిఖీ మానేసి మిగిల్చేది పొదుపు కాదు.

ఇక మన హైదరాబాదు. ఇక్కడ వంతెన ముక్కలను ఉప్పల్, కుతుబుల్లాపూర్ యార్డుల్లో పోతపోసి, తెచ్చి స్తంభాల మీద అమర్చారు. ఇడ్లీపళ్ళెం సిద్ధంగా ఉంటే వాయి వెనక వాయి దిగుతుంది చూడండి, అలాగ. అంటే కట్టడం కష్టం కాలేదు. దారికి స్థలం దొరకడం, కట్టడాలు తొలగించడం దగ్గరే పని నిలిచింది. 2012లో పని మొదలయ్యాక, 2014లో అసెంబ్లీ, సుల్తాన్‌బజారు, పాతబస్తీల దగ్గర దారి మార్చాలన్న మాట వచ్చింది. గోడలు లేచాక వంటింటి తలుపు ఇటు కాదు, అటు పెట్టమంటే మేస్త్రి ఏం చేస్తాడు? చేతులు కట్టుకు కూచుంటాడు, కూలి మాత్రం పడుతూనే ఉంటుంది. 2017 నవంబరులో మొదటి 30 కిలోమీటర్లు తెరిచారు. 2020 ఫిబ్రవరికి 69 అయ్యాయి. పాతబస్తీ ముక్క అప్పటికీ మొదలే కాలేదు. 14,132 కోట్లనుకున్నది పద్దెనిమిది వేల కోట్లు దాటింది.

ఉన్నదాన్ని వాడుకోవడం ఇంకో దారి. 2003 ఆగస్టులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. బళ్ళను పాత రైలు పట్టాలమీదే నడిపారు. కొత్త చీర కొనేముందు బీరువా ఓసారి చూసుకోవడం మనకు తెలియనిదా?

కాబట్టి రేపు మీ పేటకు మెట్రో వస్తోందని మీటింగు పెడితే, స్టేషను ఎంత అందంగా ఉంటుందని కాదు అడగవలసింది. స్థలమంతా చేతికి వచ్చిందా? దుకాణాలు, ఇళ్ళు పోయేవాళ్ళకు నష్టపరిహారం ముందే ముట్టిందా? గొట్టాల పటం తయారైందా? దారి మళ్ళీ మారదు కదా? ఈ నాలుగూ అడగండి. పరిహారం ఆలస్యమైతే కోర్టుకు పోక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? న్యాయంగా, ముందుగా ఇచ్చిన డబ్బే చివరికి చవక.

పొయ్యి వెలిగించే ముందే కూరలు తరిగి, పోపుగింజలు దగ్గర పెట్టుకునే మనకు ఇది కొత్త పాఠం కాదు. ఆ మాట సభలో లేచి చెప్పడమే మిగిలింది. సెలవు.