పేరు తెలియని జబ్బు

"పానం బాగుంటలేదు."

ఈ మాట మన ఊళ్ళల్లో రోజూ వింటుంటాం. ఏం బాగుంటలేదు అని అడిగితే చెప్పడం కష్టం. కాళ్ళు గుంజుతున్నయ్. నడుము లాగుతుంది. తల దిమ్ముగా ఉంటుంది. పొద్దున లేచేసరికే అలసట. రాత్రి పండుకుంటే నిద్ర రాదు. దెబ్బ లేదు, పుండు లేదు. చూసేవాళ్ళకు మనిషి బాగానే ఉంది.

ఒక్క రోజైతే పండుకుని లేస్తాం. ఆరు నెలలు, ఏడాది ఇట్లాగే ఉంటే ఏం చేయాలి? పని ఆగదు గదా! గద్వాల దిక్కు సీడు పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గలు గిల్లాలి. తెల్లారి ఆ పువ్వులకే పుప్పొడి రుద్దాలి. పానం బాగలేదని ఆ పని రేపటికి పెట్టుకోలేం. పువ్వు ఆగదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు పల్లికాయ పీకే రోజుల్లో పొద్దున వంచిన నడుము పొద్దుగూకినాకే లేపేది. ఇంటికొస్తే పొయ్యి, నీళ్ళు, పిల్లలు.

ఇంట్లో ఒకరు "సాకులు చెప్తుంది" అంటారు. ఇంకొకరు "గాలి సోకింది" అంటారు. దవాఖానకు పోతే పరీక్ష చేసి "ఏం లేదమ్మా, అంతా బాగుంది" అంటారు. అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టేది ఈ మాటే. డాక్టరే ఏం లేదన్నాక ఇంట్లోవాళ్ళు ఎట్లా నమ్ముతారు? కొన్నాళ్ళకు మనకే అనుమానం వస్తుంది. నిజంగా నాకేమీ లేదా అని.

"ఏం లేదు" అంటే ఏమిటి?

మన ఇంట్లో పిండి జల్లెడ వేరు, ధాన్యం జల్లెడ వేరు. ధాన్యం జల్లెడలో పిండి పోసి, ఏమీ నిలవలేదు కాబట్టి ఇందులో పొట్టు లేదు అంటామా? పరీక్షలు కూడా అట్లాంటివే. ఒక్కో పరీక్ష ఒక్కో జబ్బునే పట్టుకుంటుంది. షుగరు పరీక్షలో రక్తం తక్కువైన సంగతి తెలియదు. రక్తం ఎంతుందో చూసే పరీక్షలో థైరాయిడ్ సంగతి తెలియదు. "ఏం లేదు" అంటే, చేసిన పరీక్షల్లో ఏమీ కనిపించలేదు అని మాత్రమే అర్థం. నొప్పి అబద్ధమని కాదు.

పెద్దవాళ్ళకు 2006 సంవత్సరం గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏడాది చివర మొదలైన చికున్‌గున్యా జ్వరాలు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్ళకు ఊళ్ళను మంచాన పండబెట్టాయి. ఈ జబ్బును మొదట 1952లో ఆఫ్రికాలోని టాంజానియాలో గుర్తించారు. చికున్‌గున్యా అనేది అక్కడి భాషలో మాట. వంగిపోవడం అని దాని అర్థం. జ్వరం వారంలో పోయింది. కీళ్ళ నొప్పులు మాత్రం ఎంతోమందిని నెలల తరబడి వదలలేదు. జ్వరం లేదు కాబట్టి జబ్బు లేదు అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు.

2020లో కరోనా వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. జబ్బు తగ్గిందన్నాక కొందరికి ఆయాసం, అలసట, మతిమరుపు పోలేదు. అది వేరే దేశాల్లో కూడా ఉంది. మొదట్లో ఎవరూ నమ్మలేదు. రోగులే తమకేం అవుతుందో రాసి ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇటలీకి చెందిన ఎలీసా పెరేగో అనే ఆమె 2020 మే నెలలో దానికి "లాంగ్ కోవిడ్" అని పేరు పెట్టింది. అంటే పోని కరోనా. ఆమె డాక్టరు కాదు. ఆమె కూడా రోగే. తర్వాత 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు ఎట్లా ఉంటుందో వివరించింది. ముందు రోగులు రాశారు, తర్వాత డాక్టర్లు ఒప్పుకున్నారు.

ముందు చూడవలసినవి

పేరు తెలియని జబ్బు అనుకున్నవాటిలో చాలావాటికి పేరు ఉంటుంది. వెతకలేదు, అంతే.

మొదటిది రక్తం తక్కువ కావడం. 2019–21లో సర్కారు చేసిన సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ అనే లెక్క రాస్తారు. గర్భం లేని ఆడవాళ్ళకు అది 12 కన్నా తగ్గకూడదు. 8 కన్నా తగ్గితే ఆలస్యం చేయకూడదు. చీటీలో ఆ అంకె ఎక్కడుందో మీరే చూసుకోండి. ఇప్పుడు చదవడం వచ్చింది కదా! ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. వాటితో మలం నల్లగా వస్తుంది. భయపడి చాలామంది పారేస్తారు. అది మాత్ర రంగే. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి. చాయ్‌తో మాత్రం వేసుకోవద్దు. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది.

రెండోది థైరాయిడ్. గొంతు దగ్గర ఉండే చిన్న గ్రంథి సరిగా పనిచేయకపోతే ఒళ్ళు బరువెక్కుతుంది. జుట్టు రాలుతుంది. చలి తట్టుకోలేం. ముట్టు ఎక్కువగా అవుతుంది. రక్తం పరీక్షతో తెలుస్తుంది. రోజుకు ఒక చిన్న మాత్రతో సర్దుకుంటుంది.

రెండు వారాలు దాటినా దగ్గు పోకపోతే, సాయంత్రం పూట జ్వరం వస్తుంటే, మనిషి చిక్కిపోతుంటే టి.బి. పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు రెండూ ఉచితం. తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారు. టి.బి. ఊపిరితిత్తులకే కాదు, ఎముకలకూ గర్భసంచికీ కూడా రావచ్చు. అప్పుడు దగ్గు ఉండదు.

గొర్రెలు, మేకలు ఉన్న ఇండ్లవాళ్ళకు ఇంకో మాట. జ్వరం వచ్చి పోతూ, చెమటలు పట్టి, కీళ్ళు నొప్పులుంటే, మాకు మేకలున్నాయి అని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మేకలకు నెలలు నిండకముందే పిల్లలు పడిపోతున్నా చెప్పండి. పశువుల నుంచి మనుషులకు అంటే బ్రుసెల్లా అనే క్రిమి ఉంది. డాక్టరు అడగకపోతే, మనం చెప్పకపోతే ఆ పరీక్ష ఎవరూ చేయరు. పాలు కాగబెట్టకుండా తాగవద్దు. అట్లాగే పురుగుమందు కొట్టిన చేలో పని చేస్తుంటే అది కూడా చెప్పాలి.

మనసులో దిగులు కూడా ఒంటినొప్పిగా బయటపడుతుంది. అది కూడా జబ్బే, దానికీ మందుంది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఖర్చు లేదు.

సూది, సీసా

నీరసం అనగానే మన దగ్గర గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. ఆ సీసాలో ఏముంది? 5 శాతం గ్లూకోజు, అర లీటరు సీసా అయితే 25 గ్రాముల చక్కెర. మిగిలింది నీళ్ళు. అంటే ఐదు చెంచాల చక్కెర. ఒక రోజు కూలి దానికే పోతుంది. వాంతులు, విరేచనాలు అయి నీళ్ళు కూడా తాగలేనప్పుడు సీసా అవసరమే. ఊరికే నీరసానికి కాదు.

సూది సంగతి ఇంకా పైలం. కొన్ని సూదులు వేసిన రోజే నొప్పి మాయమవుతుంది. "ఆయన చేయి మంచిది" అనుకుంటాం. అది స్టెరాయిడ్ కావచ్చు. ఊరికే మాటిమాటికీ వేయించుకుంటే మొహం ఉబ్బుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. ఏ సూది వేస్తున్నారో పేరు రాసివ్వమని అడగండి. పేరు చెప్పనివాళ్ళ దగ్గర వేయించుకోవద్దు. ఇప్పటికే చాలా రోజులుగా ఆ సూదులు, గోలీలు వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా సర్కారు డాక్టరుతో మాట్లాడండి.

గర్భసంచి తీసేయమంటే

నడుము నొప్పి, తెల్లబట్ట, ముట్టు ఎక్కువ కావడం. ఈ మూడూ చెప్పగానే "గర్భసంచి పాడైంది, తీసేయాలి, లేకపోతే క్యాన్సర్ అవుతుంది" అని కొందరంటారు. పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకు అది అని ఇంట్లోవాళ్ళూ అంటారు. రోజూ నొప్పితో వేగేకన్నా ఒక్కసారి కోయించుకుంటే పీడ పోతుందని మనకూ అనిపిస్తుంది. అప్పు తెచ్చి మరీ కోయించుకుంటాం.

2019–21 సర్వేలోనే ఈ లెక్క కూడా ఉంది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 100 మందిలో సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 100 మందిలో 8 మందికి పైగా. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ళకే గర్భసంచులు ఎక్కువగా పాడవుతాయా? అదెట్లా కుదురుతుంది?

తెల్లబట్ట కొంచెం కావడం సహజం. వాసన, దురద, రంగు ఉంటే అది క్రిమి వల్ల. చాలావరకు గోలీలతో పోతుంది. కొన్నిసార్లు భర్త కూడా గోలీలు వేసుకోవాలి. లేకపోతే మళ్ళీ వస్తుంది. నడుము నొప్పి ఎక్కువగా వంగి చేసే పని వల్ల, బరువుల వల్ల వస్తుంది. గర్భసంచి తీసినా ఆ నొప్పి అట్లాగే ఉంటుంది. ముట్టు ఎక్కువ కావడం థైరాయిడ్ వల్ల కూడా కావచ్చని పైన చూశాం.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే ఒంట్లో ముట్టు నిలిచిపోయిన ముసలితనం ముందే వస్తుంది. ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకలు బలహీనం కావడం, గుండెజబ్బు భయం. అండాశయాలు ఉంచినా కొందరికి అవి తొందరగా పని మానేస్తాయి. 30 ఏళ్ళ కూలి మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్ళూ ఉన్నారు. క్యాన్సర్ ఉంటే, పెద్ద గడ్డలుంటే, మందులకు ఆగని రక్తస్రావం ఉంటే, గర్భసంచి కిందికి జారితే చేయించుకోవాలి. అయితే ముందు ఏ జబ్బుకు తీస్తున్నారో కాగితం మీద రాసివ్వమనండి. క్యాన్సర్ అంటే, ఏ పరీక్షలో తేలిందో చూపించమనండి. ఇంకో డాక్టరుకు, అది కూడా సర్కారు దవాఖానలో, చూపించండి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలలో ఇప్పుడు సర్కారు వైద్య కళాశాలలు ఉన్నాయి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా చూడాలని కేంద్ర సర్కారు 2022లో నియమాలు చేసింది. వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అడగడం మన హక్కు.

ఒక నోటుబుక్కు

పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాలు చాలు. రోజుకు ఒక్క వరుస రాయండి.

తేది 4. నడుము నొప్పి. పల్లికాయ పీకిన. నిద్ర లేదు.
తేది 5. కూలికి పోలేదు. కొంచెం నయం.
తేది 6. ముట్టు వచ్చింది. తల తిరిగింది. ఐదు బట్టలు మార్చిన.

తప్పులు పోయినా ఏం కాదు. దవాఖానలో డాక్టరు మనతో మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. ఆ హడావుడిలో మనకు సగం గుర్తుకు రాదు. నెల రోజుల నోటుబుక్కు చూపిస్తే ఆయనకు దారి దొరుకుతుంది. ఏ పని చేసిన మర్నాడు నొప్పి ఎక్కువవుతుందో మనకూ తెలుస్తుంది. ఆ పని రెండు పూటలుగా పంచుకోవచ్చు. పూర్తిగా పడిపోయాక రెండు రోజులు పండుకునేకన్నా, అలసట రాకముందే కొంచెంసేపు ఒరిగి లేవడం మేలు. నయంగా ఉన్న రోజున మిగిలిపోయిన పనంతా ఒక్కసారే చేయబోతాం. మర్నాడు మళ్ళీ మంచం ఎక్కుతాం. చాలామందికి ఇదే జరుగుతుంది.

ఇంట్లో కొన్ని పనులు మగవాళ్ళకు అప్పజెప్పాలి. నీళ్ళ బిందె మొగోడు ఎత్తితే నీళ్ళేం ఒలికిపోవు. పెద్ద కొడుకు అన్నం వండటం నేర్చుకోవచ్చు. పెద్ద బిడ్డను మాత్రం బడి మానిపించవద్దు. అమ్మకు జబ్బు చేయగానే ముందు ఆగిపోయేది ఆ పిల్ల చదువే. అమ్మ బదులు సీడు పత్తి చేలోకి పోయేదీ ఆ పిల్లే. చిన్నపిల్లను అంగన్‌వాడీలో వదిలితే ఆ పూట మీకు, మీ బిడ్డకు ఇద్దరికీ వెసులుబాటు.

పిల్లలకు ఉన్న సంగతి చెప్పండి. అమ్మ ఎందుకు పండుకుందో, ఎందుకు విసుక్కుందో వాళ్ళకు తెలియదు. తమ వల్లే అనుకుని భయపడతారు. "నాకు ఒళ్ళు నొప్పిగా ఉంది బిడ్డా, నీ మీద కోపం కాదు" అంటే ఐదేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది. సంఘంలో కూడా చెప్పండి. ఆశా అక్కకు చెప్పండి. మీలాగే ఇంకో ఇద్దరు బయటపడతారు. ముగ్గురు కలిసి దవాఖానకు పోతే తోడు ఉంటుంది, ఆటో ఖర్చు పంచుకోవచ్చు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం నెల రోజులు రాస్తూ కూర్చోవద్దు. ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, రక్తం ఆగకుండా పోవడం ఉంటే 108కి ఫోను చేయండి. మలంలో రక్తం కనిపించినా, ముట్టు నిలిచిపోయిన ఏడాదికి మళ్ళీ రక్తం కనిపించినా ఆ వారంలోనే చూపించుకోండి.

అన్ని పరీక్షలు చేసినా ఏమీ దొరకకపోవచ్చు. అప్పుడు "మళ్ళీ ఎప్పుడు రావాలి?" అని అడగండి. నోటుబుక్కు రాస్తూనే ఉండి మూడు నెలలకు మళ్ళీ పోండి. కొన్ని జబ్బులు ఆలస్యంగా బయటపడతాయి. పాత చీటీలు, ఎక్సరేలు, స్కానింగ్ కాగితాలు అన్నీ ఒక్క ప్లాస్టిక్ కవరులో వేసి, దూలానికి కట్టి పెట్టండి. ఎలుకలు కొట్టవు, వానకు తడవవు. దవాఖానలో మీ కాగితాలు ఉంచుకుంటామంటే ఇవ్వవద్దు. వాళ్ళకు కావాలంటే జిరాక్సు తీసుకుంటారు.