మూడు కార్లు ఢీకొన్నపుడు

సంక్రాంతికి రెండుమూడు దినములు ముందుగా హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారిపై ప్రయాణించినవారికి అక్కడి రద్దీని వర్ణించి చెప్పనక్కరలేదు. చౌటుప్పలు సమీపమున పంతంగి టోలుగేటు వద్ద బండ్లు బారులు తీరియుండును. అట్టి చోట ముందు కారు హఠాత్తుగా ఆగినదనుకొందము. రెండవది దానిని తాకినది. మూడవది రెండవదానిని గుద్దినది. ఒకరి కారు దీపము పగిలినది, మరియొకరి డిక్కీ నొక్కుకొనిపోయినది. ఎవరి ప్రాణమునకును ముప్పు రాలేదు. అయినను అది చిన్న ప్రమాదముగనే ముగియునా, పెద్దదగునా యనునది తరువాతి పది నిమిషములలో ఆ మూడు కార్లలోనివారు చేయు పనులపై ఆధారపడియుండును.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. ముందుబండి ఎఱ్ఱదీపము కంటబడి, కాలు బ్రేకుపై పడునంతలో ఆ సెకను గడచిపోవును. కనుకనే ఆగిన కార్లపైకి నాలుగవది వచ్చి పడుట తరచు జరుగుచుండును. కావున మొట్టమొదట చేయవలసినది వెనుక వచ్చువారిని హెచ్చరించుట. నాలుగు మూలల దీపములు ఒక్కసారిగా వెలిగి ఆరునట్లు మీట నొక్కవలెను. డిక్కీలో ఎఱ్ఱని త్రికోణపు పలక ఉన్నచో, దానిని బండికి బాగుగా వెనుక నిలుపవలెను. పిల్లలను, వృద్ధులను రోడ్డు అంచు దాటించి నిలుపవలెను. కార్ల నడుమ నిలుచుండి వాదులాడుట ప్రాణముతో చెలగాటమే.

తరువాత అందరిని పలుకరించి దెబ్బలు తగిలినవేమో తెలిసికొనవలెను. మెడనొప్పి వంటివి కొన్ని గంటలకు గాని బయటపడకపోవచ్చును. గాయపడినవారున్నచో 108 కి గాని 112 కి గాని ఫోను చేయవలెను. ఎవరికైన గాయమైన పక్షమున, వైద్యసహాయము అందునట్లు చూచుట, 24 గంటలలో పోలీసు స్టేషనులో తెలుపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టమునుబట్టి డ్రైవరు విధి. తప్పు తనది కాకున్నను, ప్రమాదములో చిక్కిన బండిని ఆపి తీరవలెను. నష్టపడినవారు తమ పేరును, చిరునామాను చెప్పి అడిగినపుడు, తన పేరు చిరునామాలతోపాటు బండి యజమాని వివరములను గూడ చెప్పవలెను.

గాయములు లేనిచో, బండ్లను కదలించుటకు ముందుగా ఫోటోలు తీయుట మేలు. మూడు కార్లు ఎట్లున్నవో దూరమునుండి ఒకటి, ప్రతి నొక్కు దగ్గరనుండి ఒకటి, నెంబరు పలకలు కనబడునట్లు మరియొకటి తీసినచో చాలును. పిమ్మట బండ్లను పక్కకు తీసి దారి ఇయ్యవలెను.

ఇట్టి ప్రమాదమున మధ్యకారువాని స్థితి కష్టమైనది. "నన్ను గుద్దినది నీవే" యని ముందువాడనును. "నేను ఆపియే యుంటిని, వెనుకవాడు తోసినాడు" అని ఇతడనును. ఇద్దరి మాటయు నిజమే కావచ్చును. ఇక్కడ అడుగదగిన ప్రశ్న ఒకటి కలదు: ముందు కారులోనివారికి ఎన్ని కుదుపులు తెలిసినవి? ఒక్కటే యైనచో, ఆగియున్న మధ్యకారును వెనుకది తోసియుండుట సంభవము. రెండైనచో, మధ్యకారు తానే ముందుగా తాకి, పిమ్మట వెనుక దెబ్బ తినియుండవచ్చును. ఇంతమాత్రమున తీర్పు చెప్పరాదు గాని, విచారించువారికి ఇది విలువైన సాక్ష్యము. నలుగురి కేకల నడుమ ఈ జ్ఞాపకము త్వరలోనే చెదరిపోవును, అక్కడనే వ్రాసికొనవలెను. కారులో కెమెరా ఉన్నచో ఆ చిత్రమును భద్రపరుపవలెను.

గుంపు చేరి తొందరపెట్టినను, "తప్పు నాదే" యని కాగితముపై సంతకము చేయరాదు. చేయుమని ఇతరులను నిర్బంధింపరాదు. బండి నెంబర్లు, పేర్లు, ఫోను నెంబర్లు, బీమా కంపెనీల పేర్లు, సమయము, స్థలము వ్రాసికొనుట చాలును. మాట పొసగనిచో పోలీసులకు తెలిపి నమోదు చేయించుట ఉత్తమము.

బీమా సంగతి యొకటి మరువరాదు. చట్టము నిర్బంధించునది ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన బీమా మాత్రమే. స్వంతబండి నష్టమునకు వేరు రక్షణ ఉండవలెను. అది యున్నవారు వెంటనే కంపెనీకి తెలుపవలెను. వారు చూడకముందు బండిని బాగుచేయింపరాదు. అయితే క్లెయిము లేని మొదటి సంవత్సరమునకు స్వంతనష్టపు ప్రీమియములో నూటికి 20 వంతున మొదలై, ఐదేండ్లకు 50 వరకు పెరుగు తగ్గింపు ఒకటి కలదు. క్లెయిము చేసినచో సాధారణముగా అది పోవును. కావున చిన్న నొక్కునకై అడుగుటకు ముందు, మరమ్మతు ఖర్చును ఆ తగ్గింపుతో సరిచూచుకొనుట వివేకము.

కారు నడుపనివారును ఈ విషయములను తెలిసియుండుట అవసరము. గుద్దుకొన్న క్షణమున స్టీరింగు పట్టినవాని చేతులు వణకుచుండును, మాట తొట్రుపడుచుండును. అపుడు ఫోను చేయుటకు, పిల్లలను దూరముగా నిలుపుటకు, వివరములు వ్రాయుటకు పక్క సీటులోనివారే తగినవారు. ప్రయాణమునకు బయలుదేరుటకు ముందే ఇంటిలో ఎవరి పని యేదో అనుకొని, కారులో ఒక చిన్న పుస్తకమును, కలమును ఉంచుకొనుట మంచిది.