కరెంటు చెరువుకు, ఉప్పునీళ్లు పేటకు

సుస్థిర అభివృద్ధి అనే మాట ఇప్పుడు అందరి నోటా వినబడుతోంది. సోలార్ పలకలు పెట్టాలి, కరెంటు పొదుపుగా వాడాలి, మనుషుల అలవాట్లు మారాలి అంటున్నారు. బాగానే ఉంది. కానీ ఏ మనుషులు? ఎవరి అలవాట్లు? మన దేశంలో అన్నిటికంటే పాత అలవాటు కులం. వైరు ఎటు లాగాలో, మంచినీళ్ల గొట్టం ఎక్కడ ఆగాలో, మురుగు ఎటు పోవాలో ఇంజనీరు కంటే ముందు అదే నిర్ణయిస్తోందని మేమంటాం. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు ప్రాంతాన్ని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మొగల్తూరు ఆ కాలువల చివర, సముద్రం పక్కన ఉంది. శివారు భూములకు కాలువ నీళ్లు ఆఖరున అందుతాయి. పై ఊళ్ల మురుగు మాత్రం తప్పకుండా వస్తుంది. సముద్రం దగ్గర కొచ్చేకొద్దీ భూమిలో ఉప్పునీళ్లే. తాగడానికి కాలువతో నింపుకునే మంచినీళ్ల చెరువే దిక్కు. డెల్టాల్లో అలాంటి చెరువు ఉత్త నీళ్ల గుంట కాదు. కృష్ణా డెల్టా కొసనున్న కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిన దాడికి మొదలు, తమ చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దని అడ్డుపడటమే గదా!

1990ల నుంచి ఈ తీరంలో వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. పగలు చెరువులోని నాచు ఎండ తీసుకుని ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి ఇవ్వదు సరికదా, ఉన్నది తనే పీల్చుకుంటుంది. అందుకని తెల్లవారుజామున రొయ్యకు ఊపిరాడదు. రాత్రంతా ఏరియేటర్లు తిరగాల్సిందే, కరెంటు పోతే డీజిల్ జనరేటర్ వెయ్యాల్సిందే. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక పిల్లను ఇంకా ఒత్తుగా వదులుతున్నారు. ఒత్తు పెరిగేకొద్దీ కరెంటు ఖర్చూ పెరుగుతుంది. అంటే ఇక్కడ యంత్రాన్ని తిప్పేది లాభం మీది ఆశ.

2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆక్వా రైతులకు యూనిట్ ధర రూపాయిన్నరకు తగ్గించింది. అదే ఏడు ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమంది. రెండూ ప్రజల సొమ్మే. కానీ చెరువుకిచ్చేది ప్రోత్సాహం, పేటకిచ్చేది దానం అంటారు. పొదుపు పాఠం మాత్రం రెండు లైట్లూ ఒక ఫ్యానూ ఉన్న ఇంటికే చెబుతారు!

నష్టం పంపకం కూడా ఇలాగే ఉంది. వరిచేలో ఊడ్పులు, కలుపు, కోతలు పేట ఆడవాళ్లకు కూలి. చెరువు గట్టున కాపలాకీ మేతకీ కొద్దిమంది మగవాళ్లు చాలు. చెరువు ఉప్పు పక్క చేలోకీ నూతిలోకీ ఊరుతుంది. పంటభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని, పాడుచేసినవాళ్లే పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి ఆ కట్టడిని చాలావరకు సడలించింది. 2017 మార్చి 30న మొగల్తూరులోని ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు కూలీలు విషవాయువుకు బలైపోయారు. కోట్ల యంత్రాలున్నచోట మురుగు దగ్గరకొచ్చేసరికి మనిషినే దింపారు.

మేము యంత్రానికి వ్యతిరేకులం కాము. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా విద్యుత్తు విధానానికి పునాదులు వేసింది డాక్టర్ అంబేద్కరే. చవకైన కరెంటు పుష్కలంగా లేనిదే పరిశ్రమ రాదు, పరిశ్రమ రానిదే పేదరికం పోదు అని ఆయన వాదించారు. ఆ లెక్కలో కరెంటు గమ్యం పేదవాడి ఇల్లు.

ఇప్పుడు సోలార్ వంతు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం పెట్టింది. 2 కిలోవాట్లకు 60,000 రూపాయల రాయితీ. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం కూడా అంది. మంచిదే. కానీ పలక నిలవాలంటే గట్టి కప్పుండాలి, ఇల్లు తమదని కాగితముండాలి. పట్టా లేని పేటకు సూర్యుడు కూడా ఆఖరునే వస్తాడా?

కాబట్టి పేటల్లో పనిచేసే మిత్రులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు పథకం వచ్చినప్పుడల్లా మూడు లెక్కలు అడగాలి. కరెంటు ఎవరికి ఎంత? మురుగు ఎవరి గుమ్మం ముందుకు? కాగితం ఎవరి పేరున? ఈ లెక్కలు గ్రామసభలో చదివించాలి, మినిట్స్ పుస్తకంలో రాయించాలి. అప్పుడే సుస్థిరమయ్యేది ఎవరి బతుకో తేలుతుంది.