మాయారూపములు - సామాజిక వేదికల పూచీ

కన్నదే నిజమని పెద్దలు నమ్మిరి. ఇప్పుడు కంటికే పరీక్ష వచ్చినది. ఒకరి ముఖమును వేరొకరి దేహమున కతికించి, ఒకరి కంఠమును యంత్రముచే పలికించి, జరుగని దానిని జరిగినట్లు చూపు వీడియోలు సెల్‌ఫోనులలో తిరుగుచున్నవి. వీనినే డీప్‌ఫేకు లందురు. కృత్రిమమేధ యను యంత్రవిద్య మనిషి ఫొటోలను, గొంతును పరిశీలించి, పెదవుల కదలికతో సహా క్రొత్తరూపమును కల్పించును.

2023 నవంబరులో సినీనటి రష్మిక మందన్న ముఖముతో నొక వీడియో దేశమంతట వ్యాపించినది. అందలి దేహ మామెది కాదు. ఇంగ్లండునందలి వేరొక యువతిది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో ఇరువదినాలుగేండ్ల ఇంజనీరు నొకని నిర్బంధించిరి. ఆ నటి అభిమానుల పేర నడపుచున్న ఇన్‌స్టాగ్రామ్ పుటకు అనుచరులను పెంచుకొనుటకే యిది చేసెనని వారు తెలిపిరి. రెండు వారములలో ఆ సంఖ్య 90 వేల నుండి 1 లక్షా 8 వేలకు పెరిగినదట.

ఇందు పగ లేదు, జనసంఖ్యయే ఎర. ఆ యెరను కట్టినది వేదిక. జనులు విరగబడి చూచుదానిని మరింత మందికి చూపి, ప్రకటనలపై ధన మార్జించుట దాని వ్యాపారము. కావున “మేము గోడ మాత్రమే, వ్రాత పరులది” యనుట చెల్లదు.

రామాయణ యుద్ధకాండలో ఇంద్రజిత్తు మాయాసీతను హనుమంతుని యెదుట నరికెను. సీతను లంకలో స్వయముగా చూచివచ్చిన హనుమంతుడే నమ్మి, ఆ వార్తను రామునకు చేర్చెను, రాముడు మూర్ఛిల్లెను. ఇంద్రజిత్తు మర్మమెరిగిన విభీషణుడు ఇది మాయ యని వెంటనే చెప్పుటచేతనే, లక్ష్మణుడు సకాలమున నికుంభిలకు పోయి వాని హోమమును చెరపగలిగెను. వచ్చిన వీడియోను పదిమందికి పంపు మనము హనుమంతుని స్థానమున నున్నాము. దానిని మొదట నెక్కించిన దెవరో, ఎంత వేగమున పోవుచున్నదో చూడగల వేదికది విభీషణుని ధర్మము.

ఆ ధర్మము మూడు విధములు. మొదటిది ముద్ర: కల్పితమైన దానిపై కల్పితమని స్పష్టముగా వ్రాయవలెను. రెండవది వేగము. 2026 ఫిబ్రవరి 20 నుండి అమలునకు వచ్చిన మనదేశపు నియమములు ముద్రను విధించినవి. న్యాయస్థానము గాని ప్రభుత్వము గాని ఆజ్ఞాపించిన 3 గంటలలో తొలగింపు మన్నవి. అంతకుముందు గడువు 36 గంటలు. మూడవది, నా మతమున ముఖ్యమైనది: మోసమువలన వచ్చిన అనుచరులను, ఆదాయమును మోసగానికి మిగులనీయరాదు. ఎర పోయిన గాలమునకు చేప రాదు.

తొలగించుటయందును వివేకము వలయును. 2025లో హైదరాబాదు కంచ గచ్చిబౌలి 400 ఎకరముల వివాదమున కృత్రిమచిత్రములు కొన్ని తిరిగినవి. కాని అచట చెట్లు కొట్టుట నిజము. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దానిని నిలిపివేసెను. బొమ్మ కల్ల యైనంతనే సంగతి కల్ల కాదు. కల్లబొమ్మలు పెరిగినకొలది, నిజమైన ఫొటోను సైతము మాయ యని త్రోసిపుచ్చుట దోషులకు సులువగును. కావున తొలగించిన వేదిక కారణము చెప్పవలెను, మొర యాలకింపవలెను.

మనవని గొంతుతో డబ్బడిగిన ఫోను వచ్చెనా, దానిని పెట్టివేసి, మీ యెరిగిన నెంబరునకు మీరే చేసి విచారింపుడు. మోసపోయినచో 1930కి వెంటనే తెలుపుడు.

అలియాబాదు వంటి యూళ్లలో రచ్చబండపై నాడిన మాటకు ఆడినవాడే పూచీ. కోట్లమందికి వినిపించువానికి ఆ పూచీ హెచ్చవలెను గాని తగ్గరాదు.