పసివాళ్ల చేతిలో ఫోను – తాళం పెద్దల చేతిలోనే

చండ్రుగొండ : పత్తితీతల రోజుల్లో మండలంలోని పల్లెలు పగటిపూట బోసిపోతాయి. తిప్పనపల్లి, దామరచర్ల, బెండాలపాడు – ఏ ఊరు చూసినా పనిచేయగలిగినవారంతా చేలల్లోనే ఉంటారు. ఇళ్ల దగ్గర మిగిలేది ముసలివాళ్లు, పసివాళ్లు. వేసవిలో తునికాకు కోతకు తెల్లవారకముందే అడవికి బయలుదేరే కోయ, లంబాడా కుటుంబాలదీ ఇదే పరిస్థితి. పిల్లలు మారాం చేయకుండా వారి చేతిలో పెట్టేది ఈ రోజుల్లో సెల్‌ఫోను. పగలు అన్న వదిలేసిన పాత ఫోను, సాయంత్రం ఇల్లు చేరిన తండ్రి ఫోను. బిడ్డ ఊరుకున్నది, అదే చాలునని పెద్దలు అనుకుంటారు. ఆ ఫోనులో ఏం చూసి ఊరుకున్నదో కనిపెట్టేవారు తక్కువ.

2016 సెప్టెంబరులో జియో రావడంతో ఇంటర్నెట్ ధర ఒక్కసారిగా పడిపోయి, వీడియోలు చూడడం కూలినాలి చేసుకొనే ఇళ్లకు కూడా అలవాటయింది. కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌ల ద్వారా పాఠాలు చెప్పించింది. టీవీ లేని ఇళ్లలో ఫోనే పలక అయింది. తర్వాత బడులు తెరిచారు గాని, ఫోను మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

ఫోను మరచిపోదు

చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే. పెద్దలు చూసేదీ అందులోనే, పిల్లలు చూసేదీ అందులోనే. చిక్కంతా ఇక్కడే ఉంది. యూట్యూబులో లోగడ ఏం చూశారో అది గుర్తుంచుకుంటుంది. అటువంటివే మళ్లీ మళ్లీ తెచ్చి ముందు పెడుతుంది. ఒక వీడియో అయిపోగానే ఎవరూ నొక్కకుండానే మరొకటి మొదలవుతుంది. రాత్రి పెద్దలు చూసిన దాని తాలూకు బొమ్మ మర్నాడు పిల్లవాడి కంట పడుతుంది. అక్షరాలు రాని పిల్లలు సైతం మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగి కావలసింది తెప్పించుకొంటున్నారు. వినికిడిలో తేడా వస్తే అడగనిది కూడా ఎదుట నిలుస్తుంది.

వాట్సాప్ సంగతి మరొక రకం. స్నేహితుల గ్రూపులో ఎవరో పంపిన బూతు వీడియో తండ్రి తెరవకపోయినా ఫోనులోకి దిగి, ఫోటోల మధ్య కూర్చుంటుంది. పెళ్లి ఫోటోలు చూద్దామని తెరిచిన బిడ్డ దాన్ని చూస్తుంది.

కార్టూనే కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. పిల్లలకు ఇష్టమైన బొమ్మల వేషంలో హింస, అసభ్యత నింపిన వీడియోలు యూట్యూబులో ఉన్నాయని 2017లో ప్రపంచమంతటా గగ్గోలు పుట్టింది. ఆ సంస్థ అటువంటి వీడియోలను పెద్దసంఖ్యలో తొలగించవలసి వచ్చింది.

పది నిమిషాల పని

ఫోనుకు తాళం వేయడం కష్టమేమీ కాదు. కాలేజీకి వెళ్లే కుర్రవాళ్లెవరైనా పది నిమిషాల్లో చేసిపెట్టగలరు. యూట్యూబు సెట్టింగ్సులో నియంత్రణ పద్ధతిని పెట్టుకోవాలి. ఒకదాని వెంట ఒకటి వాటంతటవే ఆడే ఏర్పాటును ఆపివేయాలి. అంతకంటె మేలు, పిల్లల కోసం వేరుగా ఉన్న యూట్యూబ్ కిడ్స్ పెట్టడం. అందులో పెద్దలు ఏరి ఉంచినవే బిడ్డ చూసేటట్లు చేయవచ్చు. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపాలి. తెలిసినవారు తప్ప ఇతరులు గ్రూపుల్లో చేర్చకుండా కట్టడి చేయాలి. ప్లేస్టోరులో వయసుకు తగని ఆటలు దిగకుండా రహస్య అంకె పెట్టాలి. ఆ అంకె పిల్లలకు తెలియరాదు. పిల్లలకు విడిగా ఫోను ఇచ్చినవారు గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే ఏయే యాప్‌లు వాడారో, ఎంతసేపు వాడారో తమ ఫోనులోనే తెలుసుకోవచ్చు. దీనికి డబ్బు అక్కరలేదు.

అయితే ఏ తాళమూ పూర్తిగా ఆపలేదు. ఫోనును మూల గదిలో కాక నలుగురూ మెలగే వసారాలో చూడనివ్వడం అన్నిటికంటె గట్టి కాపలా. రెండేళ్లు నిండని పిల్లలకు అసలు చూపవద్దని, నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

చూపించినా నేరమే

తెలిసీ తెలియని పిల్లలకు పెద్దవాళ్లు వేళాకోళంగానో, చెడ్డ బుద్ధితోనో అశ్లీల దృశ్యాలు చూపించడం కద్దు. ఇది వేళాకోళం కాదు. 2012 నాటి పోక్సో చట్టం కింద దీనికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. పిల్లల అశ్లీల దృశ్యాలను వెతికి చూసినా, ఇతరులకు పంపినా సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షను కింద మొదటిసారికే అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అటువంటివి తొలగించకుండా, పోలీసులకు తెలపకుండా దగ్గర ఉంచుకోవడం కూడా నేరం కాగలదని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. "గ్రూపులో వచ్చింది, పంపాను" అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పరువుకు వెరచి ఫిర్యాదు చేయనివారు అనేకులు. బిడ్డ పేరు, ఊరు, ఆనవాలు పత్రికల్లో రాకుండా ఆ చట్టమే అడ్డుకుంటుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. బెదిరించి డబ్బు గుంజితే 1930కి వెంటనే తెలపాలి. పంపిన సందేశాలను తుడిచివేయరాదు. అవే సాక్ష్యం.

కొడితే నోరు మూసుకుంటారు

ఇతర దేశాలూ ఈ బెడదతో సతమతమవుతున్నాయి. ఆస్ట్రేలియాలో పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసిన చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. చట్టాలు ఎన్ని వచ్చినా వసారాలో కూర్చున్న బిడ్డను చూసుకోవలసింది ఇంటివాళ్లే.

చూడరానిది చూసిన పిల్లవాడు మొదట భయపడతాడు. అమ్మకు చెబితే కొడుతుందని, ఫోను లాక్కుంటుందని దాచిపెడతాడు. ఆటలో పరిచయమైన ముక్కూమొహం తెలియనివాడు ఫోటో పంపమని బెదిరించినా ఆ భయంతోనే చెప్పడు. బెదిరించేవాడికి కావలసింది సరిగ్గా ఆ భయమే. "నీ తప్పు లేదు, ఏం చూశావో చెప్పు" అన్న ఒక్కమాట బిడ్డను గట్టెక్కిస్తుంది. ముందు వినాలి, తర్వాతే మందలింపు. నిద్రలో ఉలిక్కిపడడం, ఫోను దాచడం, ఒంటరిగా ఉండడం, వయసుకు మించిన మాటలు – ఇవి కనిపిస్తే మెల్లగా అడిగి చూడాలి.

ఊళ్లలోని యువజనులు, అంగన్‌వాడీ టీచర్లు, ఉపాధ్యాయులు పూనుకుంటే ఒక్క ఆదివారం నాడు ఊరందరి ఫోనులకూ ఈ ఏర్పాట్లు చేయవచ్చు. గ్రామ పంచాయతీలు ఆ దిశగా ఆలోచించడం అవసరం.