బూడిద ఇటుక ఎవరి పద్దు?

విశాఖ దాటాక పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి ఉత్తరాంధ్రలోని నరసన్నపేటకు మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే 130 కిలోమీటర్ల పైమాటే. ఇళ్ల గురించి రాస్తూ ఈ దూరం గొడవ ఎందుకంటే, పేటలో బూడిద ఇటుక గిట్టుబాటు కొంతవరకు దాన్నిబట్టే తేలుతుంది. బొగ్గు మండగా మిగిలిన బూడిదను చుట్టుపక్కల ఇటుకల తయారీలో వాడాలని 1999లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చినప్పుడు దాని పరిధి 50 కిలోమీటర్లు. 2003లో 100 చేశారు, 2016లో 300. నరసన్నపేట అప్పుడుగానీ గిరిలోకి రాలేదు. వంద దాటిన దూరాలకు బూడిద రవాణా ఖర్చును విద్యుత్ కేంద్రం, వాడుకునేవాళ్లు చెరిసగం భరించాలని 2016 ఉత్తర్వులోనే రాశారు.

మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. పొగగొట్టం ఎక్కకముందే పట్టిన సన్నటి బూడిదను సూక్ష్మదర్శిని కింద పెడితే గాజు గోళీల్లా గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. ఒట్టి బూడిదలో నీళ్లు పోస్తే బురదే మిగులుతుంది. సున్నం తోడైతే సిలికా దానితో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అవుతుంది. సిమెంటును బిగించేదీ ఆ పదార్థమే. చిక్కల్లా ఈ చర్య మహా నిదానం. అచ్చులోంచి తీసిన ఇటుకను దొంతర పెట్టేలోపే విరిగి ఊరుకుంటుంది. అందుకని జిప్సం కలుపుతారు. జిప్సం, సున్నం, అల్యూమినా కలిసి తొలి రోజుల్లోనే సూదుల్లాంటి స్ఫటికాలు కట్టి, ఇటుకను ఎత్తి పెట్టడానికి చాలినంత బిగువు ఇస్తాయి. అసలు బలం వారాల తరబడి మెల్లగా వస్తుంది.

బట్టీ అక్కర్లేదు, పొలం పైమన్ను తవ్వక్కర్లేదు. కావలసింది నీళ్లు, ఓపిక. గోనెపట్టాలు కప్పి రెండు మూడు వారాలు తడపాల్సిన సరుకును వారానికే లారీ ఎక్కిస్తే అంచులు రాలిపోతాయి. చెడ్డపేరు మాత్రం బూడిదకు!

బూడిద, సున్నం, జిప్సాల మేళవింపును ‘ఫాల్-జి’ పేరుతో వాడుకలోకి తెచ్చింది మన విశాఖపట్నంలోనే. ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అక్కడ ఇన్స్‌వారెబ్ అనే సంస్థ పెట్టి దీని వెంటపడ్డారు. జిప్సం ఎరువుల ఫ్యాక్టరీ వ్యర్థంగానూ దొరుకుతుంది, సున్నం ఎసిటిలీన్ తయారీలో మిగిలే ముద్దలోనూ ఉంటుంది. కాబట్టి ఈ పని చేయాలంటే రసాయన శాస్త్రమూ తెలియాలి, గోడ బరువూ తెలియాలి, ఫ్యాక్టరీల చెత్త ఎక్కడ పడుతోందో, చిన్న ఇటుకల యజమానికి ఎంత మిగులుతుందో కూడా తెలియాలి. ఇంత కలగాపులగం పనిని ఏ ఒక్క శాఖా తనదని ఎత్తుకోదు.

డబ్బు వచ్చిన దారి చూడండి. ప్రపంచ బ్యాంకు నడిపిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్బన్ ఫండ్ 2006లో ఫాల్-జి ఇటుకల వల్ల తగ్గే కార్బన్ ఉద్గారాలను కొనడానికి ఒప్పందం చేసుకుంది. మంచిదే. కానీ అది ఇటుకలు చేశాక, తగలబడకుండా మిగిలిన బొగ్గును లెక్కగట్టి ఇచ్చే సొమ్ము. ప్రయోగాలు సాగుతున్న రోజుల్లో దానివల్ల ఒరిగేదేముంది?

ముందే పెట్టుబడి పెడితే జరిగేదానికి ఎల్‌సీ3 అనే సిమెంటు సాక్ష్యం. స్విట్జర్లాండ్ ప్రభుత్వ అభివృద్ధి సంస్థ నిధులతో లోసాన్‌లోని ఈపీఎఫ్ఎల్, క్యూబాలోని ఒక విశ్వవిద్యాలయం, ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు ఏళ్ల తరబడి కలిసి పనిచేశాయి. ఆ సిమెంటులో క్లింకరు (బట్టీలో కాల్చి తీసే ముఖ్య పదార్థం) సగమే. కాల్చిన బంకమన్ను 30 శాతం, సున్నపురాయి 15, జిప్సం 5. కార్బన్ ఉద్గారం 40 శాతం దాకా తగ్గుతుంది. మట్టి తెలిసినవాళ్లు, కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టే తీరు చూసేవాళ్లు, ఖర్చు లెక్కలు వేసేవాళ్లు ఒకే గ్రాంటు కింద ఉండబట్టే అది ల్యాబు దాటింది.

అయితే సిమెంటుకు అమ్మేవాడున్నాడు. మన ఉత్తరాంధ్రలో తాటాకు కప్పుతో గుండ్రంగా కట్టే చుట్టింటికి ఎవడున్నాడు? తుఫాను గాలికి ఆ ఆకారం ఎందుకు నప్పుతుందో చూడండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గాలి విసురు గంటకు 165 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే గాలి ఎదురు గోడ మీద చదరపు మీటరుకు 125 కిలోలకు పైగా ఒత్తిడి పెడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. నలుపలకల ఇంటికి మూలల దగ్గరే కప్పును పైకి లాగే పీడనం ఎక్కువ. గుండ్రటి మట్టిగోడ, కిందికి వాలిన తాటాకు చూరు ఉన్న ఇంటికి ఆ మూలలే ఉండవు. నిప్పు భయం, చెదలు, ఏళ్లకోసారి కప్పు మార్చాల్సిన బెడద దానికి ఉన్నాయి, కాదనను. వాటికే కదా పరిశోధన కావలసింది!

2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు అనుకున్నారు. అందులో పెద్ద వాటా ప్రభుత్వం బయటి నుంచే రావాలి. కంపెనీ తన సరుకుకు పనికొచ్చేదానికే డబ్బు పెడుతుందని నా అనుమానం. కాబట్టి ప్రభుత్వ వాటాలోంచైనా చుట్టిల్లు లాంటివాటికి కొంత విడిగా తీసి పెట్టాలి. నరసన్నపేట చుట్టుపక్కల ఒక చుట్టింటికీ, ఒక రేకుల ఇంటికీ, ఒక శ్లాబు ఇంటికీ వేసవిలో వేడినీ తుఫాను నెలల్లో గాలి ఒత్తిడినీ కొలిచే పరికరాలు బిగించి ఐదారేళ్లు చూడాలి. గాలి లెక్కలు తెలిసిన ఇంజనీరు, మట్టి రసాయనం తెలిసినావిడ, తాటాకు కప్పే పనివాడు ముగ్గురూ ఆ బృందంలో సమానంగా ఉండాలి. ఆ మూడో మనిషి జీతం ఏ పద్దు కింద రాయాలన్నదే మొదటి పేచీ అవుతుంది.